నా పేరు చెక్కిన కప్పు

రాజంపేటలో బేస్‌బాల్ అనే ఆట ఒకటి ఉందని మాకెవరికీ తెలియని రోజుల్లో, మా కాలేజీ పీఈటీ మేడం ఒక పొడుగాటి సంచి తెచ్చి మైదానంలో కుమ్మరించింది. రెండు బ్యాట్లు, పది పన్నెండు తోలు గ్లౌజులు, ఎర్ర దారంతో కుట్టిన తెల్ల బంతులు. నేను అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీకి చాలనంత బక్కదాన్ని, ఖోఖోకు పనికిరానంత నిదానపు మనిషిని. ఆ బ్యాటు మాత్రం పట్టుకోగానే నచ్చింది. రోకలిని సన్నగా చిత్రిక పట్టినట్టు ఉంది. మేడం విసిరిన మొదటి రెండు బంతులు తగల్లేదు. మూడోది తగిలి, గోడ అవతల సైకిల్ స్టాండు రేకుల మీద పడింది. ఆ చప్పుడుకు అటెండరు పరిగెత్తుకొచ్చి అందరినీ కలిపి తిట్టాడు. నాకు మాత్రం చేతుల్లోంచి భుజాల దాకా ఏదో తీపి పాకినట్టు అనిపించింది. మరుసటి రోజు నుంచి నేనే అందరికంటే ముందు మైదానానికి పోయేదాన్ని.

ఇదంతా మొదటే ఎందుకు చెబుతున్నానంటే, కడప జిల్లా జట్టులోకి నేను మా నాయన వల్ల రాలేదు. ఎంపికల రోజు ఆయన ఊళ్లో కూడా లేడు. కానీ తర్వాత జరిగిన దాని వల్ల చాలామంది నేను అలాగే వచ్చానని అనుకున్నారు. కొంతకాలం నేను కూడా అలాగే అనుకున్నాను.

మా తాత వరకు మాది సేద్యం చేసే ఇల్లే. నాయన రోడ్డు పనుల కాంట్రాక్టుల్లోకి దిగి, పట్నంలో పదిమంది లేచి నిలబడి పలకరించే మనిషయ్యాడు. ఎవరి పెళ్లికైనా పోతాడు, ఎవరి చావుకైనా పోతాడు. ఎవరింట్లో ఏ పని ఆగినా మా వరండాలోకే వస్తారు. ఆయనకు నేనొక్కదాన్నే. సాయంత్రాలు పని మీద నుంచి వస్తూ దారిలో మైదానం దగ్గర జీపు ఆపి, గోడకానుకుని నా ఆట చూసేవాడు. ఆట అర్థమయ్యేది కాదు. ఆయనకు తెలిసిందల్లా క్రికెట్టే.

"ఎన్ని రన్నులు కొట్టినావు పాపా?" అని అడిగేవాడు జీపు ఎక్కగానే.

"ఒకటి నాయినా."

"ఒకటేనా!"

"దీంట్లో అంతే నాయినా."

"ఇదేం ఆటమ్మా, పొద్దంతా ఆడితే ఒకటి," అని నవ్వేవాడు. కానీ మరుసటి రోజు మళ్లీ వచ్చేవాడు.

నేను రెండో సంవత్సరంలో ఉండగా జిల్లాల మధ్య జరిగే ఆడపిల్లల బేస్‌బాల్ పోటీలు రాజంపేటలో పెట్టాలని నిర్ణయమైంది. అంతమందికి తిండి, పడక ఎవరు చూస్తారని మేడం దిగులు పడుతుంటే, నాయన అన్నీ తన నెత్తిన వేసుకున్నాడు. షామియానాలు, మైకు, మూడు పూటల భోజనం, జట్లను స్టేషన్ నుంచి తీసుకొచ్చి తిరిగి ఇళ్లకు చేర్చే బస్సులు, చివరికి బహుమతుల కప్పులు కూడా ఆయనవే. మేడం రెండు చేతులూ జోడించింది. నాకు ఆ రోజు గర్వంగానే ఉండింది.

పోటీలకు ముందు రోజు కాలేజీకి పోతుంటే బైపాసు రోడ్డు మొదలుకొని మైదానం గేటు దాకా ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద పైన నాయన దండం పెడుతూ, కింద నేను బ్యాటు పట్టుకుని. స్టూడియో అతను బ్యాటును క్రికెట్టులో లాగా నేలకానించి పట్టుకోమంటే నేను కూడా అలాగే పట్టుకున్నాను. ఇప్పుడు అంత పెద్ద బొమ్మలో చూస్తుంటే ఒళ్లు జలదరించింది. వేరే జిల్లాల పిల్లలు బస్సు దిగి ఆ బొమ్మ కింద నిలబడి నవ్వుకుంటున్నారు. నేను చున్నీ తల మీదకి లాక్కుని పక్కనుంచి పోయాను.

అయినా ఆట మొదలయ్యాక అదంతా మరిచిపోయాను. మా జట్టు బాగా ఆడింది. సెమీఫైనల్లో నేను కొట్టిన బంతి ఇద్దరు పిల్లల నడుమ నుంచి దూసుకుపోయి మామిడి చెట్ల దాకా దొర్లింది. బేసుల మీదున్న మా పిల్లలిద్దరికీ పరుగులు తెచ్చింది ఆ దెబ్బ. ఆ రాత్రి పడుకుంటే కూడా చేతుల్లో ఆ అదురు తెలుస్తూనే ఉంది. ఫైనల్ మాకూ కర్నూలు జిల్లాకూ.

కర్నూలు జట్టు ఆట మేం అంతకుముందు చూడలేదు. వాళ్ల మ్యాచులు అవతలి మైదానంలో జరిగాయి. వాళ్ల పిచ్చరు, అంటే బంతి విసిరే పిల్ల, ఆలూరు దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చిందని, ఎడమ చేతి వాటమని మాత్రం విన్నాం. పొట్టిగా, గట్టిగా ఉంది. జడను మడిచి టోపీలోకి తోసేసింది. మెడ మీద చెమట తుడుచుకుంటూ, నోట్లో ఏదో నములుతూ, తన ఇంటి వాకిట్లో తిరుగుతున్నట్టు మైదానంలో తిరుగుతోంది. కుడి చేతికి తొడుక్కున్న గ్లౌజు మాత్రం వింతగా ఉంది. అది ఎడమ చేతికి తొడుక్కునేది. ఆమె దాన్ని బోర్లించి, బొటనవేలి గూట్లో చిటికెన వేలు పెట్టి తొడుక్కుంది. మా వాళ్లు అది చూసి నవ్వారు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

ఈ ఆటలో బ్యాటు పట్టినవాళ్లు సరైన బంతిని మూడుసార్లు కొట్టలేకపోతే, అంటే మూడు స్ట్రైకులైతే, ఔటు; ముగ్గురు ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు వంతు వస్తుంది. మా మొదటి ముగ్గురూ మూడు నిమిషాల్లో వెనక్కి వచ్చి కూర్చున్నారు. "ఏముంది దాంట్లో?" అని మేడం అడిగితే, "వస్తాది మేడం, వస్తానే ఉంటాది, బ్యాటు కాడికి వచ్చినాక ఉండదు," అంది మా జట్టులోని పిల్ల ఏడుపు మొహంతో.

రెండో ఇన్నింగ్స్‌లో మొదట నా వంతు. నేను గీతల్లోకి అడుగు పెట్టగానే మైకు గట్టిగా మోగింది. నాయన దగ్గర పనిచేసే మనిషి వ్యాఖ్యానం చెబుతున్నాడు. నాయన పేరు, దాని ముందు ఒక బిరుదు, ఆ తర్వాత "గారి ఏకైక కుమార్తె" అని నా పేరు. షామియానా కింద విజిళ్లు. పిచ్చరు మైకు వైపు చూసింది, నా వైపు చూసింది, ఫ్లెక్సీ వైపు చూసింది. నమలడం ఆపి, "నీవేనా అక్కా ఆ బొమ్మలో ఉండేది?" అని అక్కడి నుంచే అడిగింది. అంపైరు మాట్లాడొద్దని చెయ్యి ఎత్తాడు.

మొదటి బంతి నేను చూస్తుండగానే దాటిపోయింది. రెండోది కొట్టబోయేసరికి నా వెనక కూర్చున్న క్యాచరు గ్లౌజులో ఉంది. మూడోది నెమ్మదిగా, నాకోసమే అన్నట్టు, నడుము ఎత్తులో వచ్చింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. బంతి దగ్గరికి వచ్చి మెట్టు దిగినట్టు దిగిపోయింది. బ్యాటు గాలిని కోసిన చప్పుడు నాకే వినిపించింది.

"అద్భుతమైన షాటు!" అన్నాడు మైకు మనిషి. షామియానా అంతా చప్పట్లు.

నేను తల వంచుకుని వచ్చి కూర్చున్నాను. మా జట్టులో ఎవరూ నా వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని వాళ్ల భయం.

మూడో ఇన్నింగ్స్‌లో మా పిల్ల ఒకతె బంతిని తప్పు వైపు విసరడంతో కర్నూలుకు ఒక పరుగు వచ్చింది. అంతే. మా పిచ్చరు కూడా ఆ తర్వాత గట్టిగానే నిలబడింది. కానీ అవతల ఆ ఎడమ చేతి పిల్ల అలుపు లేకుండా విసురుతూనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది. మా వాళ్లు ఒక్కొక్కరే పోవడం, ఒక్కొక్కరే రావడం. బంతి కొట్టి పరిగెత్తి చేరాల్సిన మొదటి బేసు మీద కాలు పెట్టిన మనిషి లేదు. రెండోసారి నా వంతు వచ్చినప్పుడు బంతి బ్యాటు అంచుకు తగిలి గీత అవతల, షామియానా వైపు ఎగిరి పడింది. జనం లేచి కేకలు వేశారు. నాయన కుర్చీ మీద నుంచి లేచి రెండు చేతులూ ఎత్తాడు. అది పరుగు లెక్కలోకి రాని బంతి అని ఆయనకు తెలియదు. తర్వాతి బంతికే నేను మళ్లీ ఔటయ్యాను. ఆయన చేతులు అప్పటికీ దించలేదు.

చివరి ఇన్నింగ్స్ వచ్చింది. ఇద్దరు ఔటయ్యారు. నాకు ముందు ఆడిన పిల్ల బంతిని మెల్లగా నేల మీదకి కొట్టింది. అది సులువైనదే, కానీ కర్నూలు పిల్ల చేతిలోంచి జారి దూరంగా దొర్లిపోయింది. మా పిల్ల ఆగకుండా పరిగెత్తి మూడో బేసు దాకా చేరింది. ఆట మొత్తం మీద మాకు దొరికింది అదొక్కటే, అది కూడా వాళ్ల పొరపాటు. ఇప్పుడు నేను బంతిని ఎక్కడో ఒకచోట సరిగా కొడితే చాలు, ఆట సమం అవుతుంది.

ఆ ఎడమ చేతి పిల్ల, బంతి జారవిడిచిన తన జట్టు పిల్ల దగ్గరికి నడిచిపోయింది. తిడుతుందనుకున్నాను. టోపీ మీద ఒకటి కొట్టి, "పోనీలేమే, నేనుండా గదా," అంది. గొప్పకు అన్నట్టు లేదు, ఉన్న మాట అన్నట్టు అంది. వెనక్కి వచ్చి నిలబడి నా వైపు చూసింది. ఈసారి నమలడం లేదు.

మైకులో మళ్లీ నాయన పేరు, మళ్లీ నా పేరు. దయచేసి ఆపండి అని లోపల మొక్కుకున్నాను. మొదటి రెండు స్ట్రైకులు అయిపోయాయి. తర్వాతి రెండు బంతులు బయటికి పోతాయని గుర్తుపట్టి వదిలేశాను; అవి లెక్కకు రావు. అప్పుడు ఒక్క క్షణం నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆ దిగే బంతి వేస్తుందని నాకు ఖాయంగా తెలుసు. అది దిగే చోటికే బ్యాటు దించాలని అనుకున్నాను. అదే బంతి వచ్చింది. నేను అనుకున్నట్టే బ్యాటు దించాను. బంతి దానికంటే ఇంకా కిందికి దిగింది. ఆ ఊపుకు తిరిగిపోయి ఒక మోకాలి మీద కూలబడ్డాను. కళ్లలోకి దుమ్ము లేచింది.

కర్నూలు పిల్లలు అరుస్తూ ఆమె మీద పడ్డారు. షామియానా కింద జనానికి ఆట అయిపోయిందని తెలియడానికి కాసేపు పట్టింది. కొందరు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఓడిపోవడం నాకు సిగ్గనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ మోకాలి మీద ఉండగానే నాకు ఆమె మీద ఏదో గౌరవం లాంటిది కలిగింది. అంత మంచి బంతి నాకు ఎవరూ వేయలేదు. సిగ్గు ఆ తర్వాత మొదలైంది.

బహుమతులు ఇచ్చే వేళకు బల్ల మీద కప్పులు పెట్టారు. గెలిచిన జట్టు కప్పు, ఓడిన జట్టు కప్పు, వాటి పక్కన ఆ రెండింటికంటే జానెడు పొడుగున్న కప్పు ఒకటి. "ఉత్తమ క్రీడాకారిణి" అని మైకు మనిషి గొంతు సవరించుకున్నప్పుడు అందరం కర్నూలు జట్టు వైపు తిరిగాం. ఆమె అప్పటికే టోపీ సరిచేసుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

నా పేరు పిలిచారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుకు పెట్టిన అడుగు ఆమె వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పకపకా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది, ఎవరో చక్కిలిగిలి పెడితే ఆగనట్టు వచ్చిన నవ్వు. వాళ్ల సారు ఆమె భుజం గట్టిగా పట్టుకుని, మరో చేత్తో తన తొడ మీద చప్పట్లు కొట్టసాగాడు. సారు కొడుతున్నాడని మిగిలిన పిల్లలూ కొట్టారు. మా మేడం నేల చూపులు చూస్తోంది. నాయన వేదిక మీద, ముఖ్య అతిథి పక్కన, మొహం వెలిగిపోతుండగా నన్ను రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. మోకాలి మీద ఎర్రమట్టి అంటుకుని ఉండగానే మెట్లెక్కాను. కప్పు చాలా బరువుగా ఉంది. ఫోటో కోసం నవ్వమన్నారు. నవ్వాను. ఆ ఫోటో ఆ సాయంత్రానికే మా బంధువులందరి ఫోన్లలో తిరిగింది.

ఇంట్లో పండగ చేశారు. అమ్మ కప్పుకు బొట్టు పెట్టి టీవీ పక్కన నిలబెట్టింది. వచ్చినవాళ్లంతా దాన్ని ఎత్తి చూసి బరువు గురించి మాట్లాడుకున్నారు. వాళ్లు పోయాక నేను దగ్గరికి పోయి చూశాను. కింద ఇత్తడి రేకు మీద అందంగా చెక్కిన అక్షరాలు. ఉత్తమ క్రీడాకారిణి. దాని కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

"నాయినా, ఇది ఎప్పుడు చెక్కించినావు?"

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "తిరుపతిలో ఇచ్చింటి. వాళ్లు శానా పొద్దు చేస్తారని ముందే ఇచ్చినా," అన్నాడు. దాంట్లో దాచవలసింది ఏముందన్నట్టే చెప్పాడు.

"నేనే బాగా ఆడతానని నీకెట్లా తెలుసు?"

"నువ్వు గాక ఇంకెవరు ఆడతారు పాపా? దినాము చూస్తాండా గదా నేను."

"మూడుసార్లూ ఔటయినా నాయినా."

"ఔటైతే ఏమి? ఆడితివి గదా. నీ మాదిరిగా బ్యాటు తిప్పినోళ్లు ఇంకొకరు లేరాడ."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆయన కళ్లలో ఉన్నది ప్రేమే. ఆ ప్రేమను చూస్తుంటేనే నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. సెమీఫైనల్లో కొట్టిన దెబ్బ గుర్తుకు వచ్చింది. ఆ పిల్లలు నిజంగానే ఆ బంతిని ఆపలేకపోయారా, లేక వాళ్లు తినే అన్నం ఎవరు పెడుతున్నారో తెలిసి వదిలేశారా? ఒకసారి ఆ అనుమానం పుట్టాక నా చేతుల్లోని ఆ అదురు కూడా నాది కాకుండా పోయింది.

పొద్దున్నే కప్పును గుడ్డ సంచిలో పెట్టుకుని, నా గ్లౌజు భుజానికి తగిలించుకుని, స్కూటీ మీద కర్నూలు జట్టు దిగిన హైస్కూలుకు పోయాను. వాళ్లు ఇంకా బయలుదేరలేదు. కొళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు, వరండాలో చాపలు చుడుతున్నారు. పిచ్చరు గచ్చు మీద కూర్చుని ఎడమ భుజానికి జండూబామ్ రాయించుకుంటోంది. నన్ను చూసి అందరూ చేసే పని ఆపేశారు.

సంచిలోంచి కప్పు తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇది నీది," అన్నాను.

ఆమె కప్పును చూసింది, కింద రేకును చూసింది. వేలితో అక్షరం అక్షరం కూడుకుంటూ నా పేరు చదివింది.

"నిన్న మద్యాన్నం ఆట అయిపోయె. సాయంత్రం లోపలే పేరు చెక్కినారా? మీ ఊర్లో పనులు శానా జోరుగా అయితాయే అక్కా," అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ మరుక్షణమే ఆమెకు అర్థమైంది. పక్కనున్న పిల్లలకు కూడా అర్థమైంది. కొళాయి ఎవరో కట్టేశారు. అక్కడ నేను నిలబడిన తీరు ఇప్పటికీ నాకు తెలుసు. రెండు చేతులు ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నాకు తెలియదు, నిన్న రాత్రి దాకా నాకు తెలియదు అని చెప్పాలనుకున్నాను. చెబితే అది నాయనను పట్టిచ్చినట్టవుతుందని నోరు రాలేదు.

ఇంతలో వాళ్ల సారు టీ గ్లాసుతో వచ్చి, కప్పును చూసి కంగారుపడ్డాడు. "వద్దు తల్లీ, తీసుకపో. మీ నాయనకు తెలిస్తే బాగుండదు. మేము ఊరికి పోయే బస్సు గూడ ఆయనదే," అన్నాడు.

"ఆయన ఏమీ అనడు సార్."

"ఆయన అనడులేమ్మా. మేమే ఎరిగి నడుచుకోవాల గదా."

పిచ్చరు కప్పును ఒక్క చేత్తో ఎత్తి నా సంచిలో తిరిగి పెట్టేసింది. "నీ పేరుండేది నా ఇంట్లో పెట్టుకొని నేనేం చేసుకోవాలక్కా? మా అవ్వ ఎవరిది దొంగలించుకొస్తివే అంటాది," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో కొంచెం ఊపిరి ఆడింది.

భుజాన ఉన్న గ్లౌజు తీసి, "పోనీ, ఇదన్నా తీసుకో. బెంగుళూరు నుంచి తెప్పించింది. కొత్తదే," అన్నాను.

ఆమె ఆశగానే అందుకుంది. తోలు వాసన చూసింది, గూట్లోకి పిడికిలితో రెండు గుద్దులు గుద్దింది. ఆ తర్వాత నా వైపు జాలిగా చూసింది. "ఇదీ ఎడం చేతికి తొడుక్కునేదే గదా. నాకు కుడి చేతిది కావాల. అది మా జిల్లాలోనే యాడా లేదంట."

నా దగ్గర ఉన్న వాటిలో ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆ గ్లౌజు తిరిగి తీసుకుంటుంటే కప్పు తీసుకున్నప్పటి కంటే ఎక్కువ సిగ్గనిపించింది. ఇక పోదామనుకుని, స్కూటీ దాకా పోయి, ఏమనిపించిందో ఏమో, మళ్లీ వెనక్కి వచ్చాను.

"ఆ కిందికి దిగే బంతి ఎట్లా యేస్తావు? చూపిస్తావా?"

ఆమె మొహంలో నవ్వు పోయింది. మొదటిసారి నన్ను మైదానంలో ఎదుట నిలబడిన ఆటగత్తెను చూసినట్టు చూసింది.

"చూపీను," అంది.

"ఎందుకు?"

"వచ్చే యేడు నువ్వు కొడ్తే?"

వాళ్ల బస్సు వచ్చింది. దాని అద్దం మీద కూడా నాయన బొమ్మ ఉంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఏడాది ఆడాను. డిగ్రీలో చేరాక ఎంపికల్లో నేను బాగా కొట్టినా, "కొట్టకున్నా తీసుకుంటారులే," అని వెనక ఎవరో అనడం విన్నాను. వెనక్కి తిరగలేదు. ఆ ఏడు పోటీలు కర్నూల్లో. బయలుదేరే ముందు రోజు నాయన భోజనం చేస్తుంటే పక్కన కూర్చున్నాను.

"నాయినా, ఈసారి నువ్వు రావద్దు."

"ఏం పాపా?"

"నాకు సిగ్గయితాది."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. ఎందుకని అడగలేదు. "సరేమ్మా," అని ఆ ముద్ద తిన్నాడు. మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. అమ్మ నా వైపు చూసిన చూపు చెప్పలేను.

కర్నూల్లో ఆమె ఎదురైంది. గ్లౌజు అదే, బోర్లించి తొడుక్కున్నదే. నన్ను మొదటిసారి మూడు బంతుల్లో పంపించేసింది. రెండోసారి ఆ దిగే బంతి వచ్చినప్పుడు నేను తొందరపడలేదు. అది దిగిన తర్వాత, ఇంకా దిగిన తర్వాత, మోకాళ్ల దగ్గర బ్యాటుతో అందుకున్నాను. బంతి ఆమె తల మీదుగా పోయి నేల మీద పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. మొదటి బేసు మీద నిలబడి ఆయాసపడుతుంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మైకు లేదు. చేతుల్లో ఆ పాత అదురు ఉంది, ఈసారి దాన్ని నమ్మాను. మ్యాచు వాళ్లే గెలిచారు. చేతులు కలుపుకునేటప్పుడు ఆమె, "చూపీకున్నా కొడ్తివి గదక్కా," అంది, కొంచెం కోపంగానే.

ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. పెళ్లయి ఆదోని వైపు పోయిందని ఒకరు, పోలీసు ఉద్యోగానికి చదువుతోందని ఒకరు చెప్పారు. ఏది నిజమో తెలియదు.

నేను తిరిగి వచ్చేసరికి నాయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. నా సంచి తీసుకుని జీపు వెనక పెట్టాడు. నేను పోయినప్పటి నుంచి ఆయన పని మీదకి పోలేదని, ఫోను పక్కనే పెట్టుకుని వరండాలో కూర్చున్నాడని అమ్మ ఫోనులో ముందే చెప్పింది. నేను బయలుదేరే ముందు రోజే జీపుకు డీజిలు కూడా పోయించి పెట్టుకున్నాడట, కర్నూలు రావడానికి. నేను రావద్దనక ముందే. ఆయన పక్కన కూర్చుంటే ఆ మాటే గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

రైల్వే గేటు దగ్గర జీపు ఆగింది.

"ఆ ఎడం చేతి పాప ఆడిందా?" అన్నాడు నాయన, ముందుకే చూస్తూ.

"ఆడింది నాయినా."

"బాగా ఏస్తాది ఆ పాప. ఆ పొద్దు గూడ ఆ పాపదే ఆట."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన తిరగలేదు.

"నాకు తెలుసు పాపా. ఆడ కూర్చోనుండంగనే తెల్సింది. మన పిల్లోల్లు ఒగరెనక ఒగరు వస్తాంటే తెలీదా? అప్పటికే నీ పేరు చెక్కించేసి ఉంటి గదా," అన్నాడు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, "ఏం చేయాల్నో తెలీల్యా," అన్నాడు.

గూడ్సు బండి పోతూ ఉంది. అది పూర్తిగా దాటిపోయేదాకా మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. గేటు లేచాక వెనకనున్న బండ్లు హారను కొట్టేదాకా ఆయన గేరు వేయలేదు.